ముందు ఎవరు పోవాల?

రోడ్డు మీద జరిగే తగవులన్నిటికీ కోపమే కారణమని పెద్దలు చెప్తారు. ప్రతి జనవరిలో రోడ్డు భద్రత పేరుతో జరిగే సభల్లో ఇదే మాట. "ఓర్పు ఉండాల, నిదానం ఉండాల, ఇంట్లో మీ కోసం కాచుకొని ఉండేవాళ్ళను తలుచుకోవాల" అని మైకులో చెప్పి, మా చేత ప్రతిజ్ఞ చేయించి, ఫోటో తీసుకొని పోతారు. నేను ఈ మాటను ఒప్పుకోను. మా హోసూరు కూడళ్ళలో జరిగే తగవులకు మూలం కోపం కాదు. ముందు ఎవరు పోవాలో ఎక్కడా రాసి లేకపోవడమే మూలం. కోపం దానికి పుట్టిన బిడ్డ. తల్లిని వదిలేసి బిడ్డను కొడితే ఏం లాభం?

నాకు పదైదేండ్లు. లైసెన్సు తీసుకొనే వయసు కాదు. "బండి నడపని దానివి, నీకెందుకమ్మా ఈ గొడవ?" అని ఎవరైనా అడగొచ్చు. బండి నడపనివాళ్ళకే ఈ గొడవ ఎక్కువ. కూడలి దాటి బడికి పోయేది మేము. సైకిలు దిగి తోసుకుంటూ నిలబడేది మేము. ఏ బండి ఆగుతుందో, ఏది ఆగదో డ్రైవరు ముఖం చూసి కనిపెట్టేది మేము. కాబట్టి మాట్లాడే హక్కు మాకుంది.

హోసూరును చూడనివాళ్ళ కోసం రొంత చెప్తాను. బెంగళూరికి నలభై కిలోమీటర్ల దూరంలో, తమిళనాడు అంచున ఉండే ఊరు మాది. శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి ఊరిని తాకుతూ పోతుంది. సిప్‌కాట్ ఫ్యాక్టరీలకు ఇనుమూ, సామాన్లూ మోసుకొని ఏ రాష్ట్రం లారీ అయినా ఇక్కడికి వస్తుంది. పొద్దున్నే కంపెనీ బస్సులు, రోజాపూల బండ్లు, కూరగాయల బండ్లు, బడి వ్యాన్లు అన్నీ ఒకే గంటలో బయలుదేరతాయి. 2019లో మా మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఆఫీసు ముందర బోర్డు మారింది. కూడళ్ళు మాత్రం ఎడ్లబండ్ల కాలంలో ఎట్లుండెనో అట్లే ఉన్నాయి.

మేము బడికి పోయే దారిలో ఒక కూడలి ఉంది. దాని పేరు చెప్పను, ఎందుకంటే అట్లాంటివి ఊరంతా ఉన్నాయి. నాలుగు దారులు కలుస్తాయి. రెండు కొంచెం వెడల్పు, ఒకటి మధ్యస్తం, ఒకటి అరటిపండ్ల తోపుడుబండి పక్కనుంచి వచ్చే సందు. ఒకప్పుడు అక్కడ తెల్లగీతలు ఉండేవి. కొత్తగా తారు వేసినప్పుడు గీతలు తారు కిందికి పోయినాయి, మళ్ళీ ఎవరూ గీయలేదు. ఒక ఇనుప స్తంభానికి గుర్తుబోర్డు ఉంది. ఆ స్తంభానికే ఎవరిదో పెండ్లి ఫ్లెక్సీ, దాని మీద ఇంకెవరి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టినారు. బోర్డు వెనకాల దాక్కొని ఉంది. పైన ఒక పసుపు దీపం రాత్రింబవళ్ళు కొట్టుకుంటూ ఉంటుంది. దాని అర్థం నిదానంగా, చూసుకొని పోండి అని. సరే, చూసుకుంటాము. చూసుకున్న తర్వాత ముందు ఎవరు పోవాల? ఆ దీపం చెప్పదు.

ఈ ప్రశ్ననే మేము ఒక శనివారం ఆ కూడలి దగ్గర నిలబడి కనిపించిన వాళ్ళనల్లా అడిగినాము. ఆటో నడిపే అన్న "ముందు ముక్కు పెట్టినవాడిదే దారి" అన్నాడు. లారీ డ్రైవరు నవ్వి, "లోడు బండికి బ్రేకు అంత బిరీన పడదు పాపా, చిన్నవాళ్ళే ఆగాల" అన్నాడు. కారాయన "నేను మెయిన్ రోడ్డులో వస్తున్నా కదా" అన్నాడు. ఆయన ఎదురుగా అడ్డరోడ్డులో నిలబడిన ఇంకో కారాయన కూడా తనదే మెయిన్ రోడ్డు అన్నాడు. స్కూటరు మీద వచ్చిన అక్క "లైటు కొట్టినవాళ్ళకు దారి ఇస్తాను" అంది. ఇంగ్లాండులో లైటు కొడితే 'నువ్వు పో' అని అర్థం చేసుకుంటారని మా సారు చెప్పినారు. మన దగ్గర 'నేను వస్తున్నా, నువ్వు ఆగు' అని. అరటిపండ్ల అవ్వ చెప్పిన జవాబు అన్నిటికన్నా నిజం: "ఎవురికి భయం లేదో వాడు ముందు పోతాడు."

గమనించండి. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరూ తప్పు చేస్తున్నామని అనుకోవడం లేదు. ఒక్కొక్కరి తలలో ఒక్కొక్క చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం తాను న్యాయంగానే పోతున్నాడు, ఎదుటివాడు తన హక్కును లాక్కుంటున్నాడు. మనిషికి మామూలు తొందర అడ్డుపడితే వచ్చేది విసుగు. హక్కు లాక్కున్నారని అనిపిస్తే వచ్చేది కోపం. అందుకే రెండు నిమిషాల ఆలస్యానికి ఎవరూ కొట్టుకోరు గానీ, రెండు అడుగుల దారికి చొక్కా పట్టుకుంటారు.

నిజానికి ఈ ప్రశ్నకు జవాబు ఉంది. మన దేశంలో 1989లో రోడ్డు నియమాలు వచ్చినాయి. వాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చినాయి. మూలసూత్రం మారలేదు. సిగ్నలూ, గుర్తూ, పోలీసూ లేని కూడలిలో నీ కుడిచేతి వైపు నుంచి వచ్చే బండికి నువ్వు దారి ఇయ్యాల. పెద్దరోడ్డులోకి చేరేటప్పుడు మాత్రం పెద్దరోడ్డులో పోయే బండ్లకు దారి ఇయ్యాల. ఎందుకు కుడివైపు? మనం ఎడమపక్కన పోతాము. అడ్డరోడ్డును దాటేటప్పుడు మనకు దగ్గరగా ఉండే సగంలో వచ్చేది కుడివైపు బండి. ఎడమవైపు నుంచి వచ్చే బండి అవతలి సగంలో ఉంటుంది. ముందుగా ఎదురయ్యేదానికి ముందుగా దారి ఇవ్వమనడం, అంతే. ఇందులో కులమూ లేదు, డబ్బూ లేదు, బండి సైజూ లేదు. ఎంత చక్కని నియమం! కానీ మేము అడిగిన వాళ్ళలో ఒక్కరి నోట కూడా ఈ మాట రాలేదు.

సరే, అందరికీ ఈ నియమం నేర్పిస్తే చాలు కదా అంటారేమో. చాలదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. 1989 నాటి నియమంలో పెద్దరోడ్డు అంటే పెద్దరోడ్డుగా నిర్ణయించిన రోడ్డు అని ఉంది. చూడటానికి వెడల్పుగా ఉండేది అని కాదు. నేరుగా పోయే రోడ్డుకు కుడిపక్క నుంచి ఒక సందు వచ్చి కలిసిందనుకోండి. నేరుగా పోయేవాడు "నాది పెద్దరోడ్డు" అంటాడు. సందులోనుంచి వచ్చేవాడు "నేను నీకు కుడివైపు" అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. సందు చివర ఒక తలకిందుల త్రికోణం బోర్డు, నేల మీద ఒక తెల్లగీత ఉంటే తగవు అక్కడే తీరిపోతుంది. అవి లేకపోతే ఎంత చదువుకున్నవాళ్ళయినా తీర్చలేరు. నాలుగు దారుల్లోనూ నాలుగు బండ్లు ఒకేసారి వచ్చినాయనుకోండి. ప్రతివాడికీ కుడివైపు ఒకడు ఉంటాడు. నియమం ప్రకారం నలుగురూ ఆగిపోవాల. అప్పుడేమవుతుంది? అవ్వ చెప్పినట్టు, భయం లేనివాడు ముందు పోతాడు.

అంటే గుర్తుబోర్డు, తెల్లగీత రోడ్డుకు పెట్టే అలంకారాలు కావు. అవే చట్టం. అవి లేనిచోట చట్టం పుస్తకంలో ఉంటుంది, రోడ్డు మీద ఉండదు. ఈ మాట నాది కాదు, మా నాయనది. అది ఎట్లా వచ్చిందో చెప్తాను.

మా నాయన సరుకుల బండి నడుపుతాడు. మా ఊర్లో అందరూ కుట్టి యానై అని పిలిచే చిన్న బండి. పొద్దున్నే కూరగాయల మూటలు అంగళ్ళకు చేర్చేది ఆయన బాడుగ. పోయిన ఏడాది ఒకరోజు నన్ను బడి దగ్గర దింపాలని బండిలో కూర్చోబెట్టుకున్నాడు. ఇట్లాంటి కూడలిలోనే ఒక కారు మాకు ఎడమవైపు నుంచి వచ్చింది. అంటే ఆ కారుకు మేము కుడివైపు. రెండు రోడ్లూ ఒకే వెడల్పు. నాయన బ్రేకు వేసినాడు, ఆయనా వేసినాడు. కారు ముందుభాగానికి గోరుతో గీకినంత గీత పడింది. ఆయన దిగివచ్చి మా బండి తాళంచెవి పీక్కున్నాడు. నాయన చొక్కా పట్టుకున్నాడు. జనం చేరినారు. ఎవరూ "ఎవరు ఎటునుంచి వచ్చినారు?" అని అడగలేదు. "కారుకు గీత పడింది, ఏదో ఒకటి ఇచ్చి పో అన్నా" అన్నారు. నాయన ఐదొందలు ఇచ్చి తాళంచెవి తీసుకున్నాడు. ఆ పొద్దు మూటలు అంగడికి ఆలస్యంగా చేరినాయి. మరుసటి వారం ఆ అంగడాయన ఇంకో బండిని మాట్లాడుకున్నాడు.

ఆ కారాయన ఏ భాషలో తిట్టినాడో, ఆ బండి ఏ రాష్ట్రందో నేను రాయను. రాస్తే అందరూ దాన్నే పట్టుకొని అసలు సంగతి వదిలేస్తారు.

తర్వాత కొన్నాళ్ళకు కుడివైపు నియమం చదివి నాయనకు చెప్పినాను. "ఆ పొద్దు తప్పు నీది కాదు నాయనా, దారి నీదే" అన్నాను. అంతవరకూ ఆయన తప్పు తనదే అయ్యుంటుందని అనుకుంటున్నాడు. పదహారేండ్లుగా బండి నడిపే మనిషి, ఒక్క కేసు లేని మనిషి. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "రాసుండేది పుస్తకంలో కదమ్మా, రోడ్డు మీద కాదు కదా." దీనికి జవాబు చెప్పాల్సింది నేను కాదు. రోడ్లు వేసేవాళ్ళు చెప్పాల.

ఇప్పుడు నా మాటకు ఎదురుచెప్పేవాళ్ళ దగ్గరికి వస్తాను.

మొదటివాళ్ళు "మన జనం ఇంతే, వీళ్ళకు క్రమశిక్షణ లేదు" అంటారు. ఇది అబద్ధం. మా అవ్వ చిన్నప్పుడు వాళ్ళ ఊర్లో చెరువుకట్ట మీద ఒక బండి పట్టేంత దారే ఉండేదట. రెండు ఎడ్లబండ్లు ఎదురుపడితే ఏం చేసేవాళ్ళని అడిగినాను. "దానికి పంచాయితీ యాలనే? ఉత్తబండి దిగి పక్కకు నిలస్తాది, బరువుబండి పోతాది. ఎక్కే బండికి దిగే బండి దారి ఇస్తాది" అంది. రెండో మాట విని నాకు ఆశ్చర్యమేసింది. ఎందుకంటే మన రోడ్డు నియమాల్లోనూ అదే ఉంది. ఇరుకైన కొండదారిలో కిందికి దిగే బండి పైకి ఎక్కే బండికి దారి ఇయ్యాలని. చదువు రాని బండివాళ్ళకు తెలిసిన నియమమూ, ఢిల్లీలో రాసిన నియమమూ ఒకటే. క్రమశిక్షణ లేని జనానికి ఇది ఎట్లా తెలిసింది?

ఇంకా చెప్తాను. రేషన్ అంగట్లో వరుసలో సంచి పెట్టి ఇంటికి పోయి వచ్చినా ఆ చోటు పోదు. మా చంద్రచూడేశ్వర స్వామి తేరు వీధి మలుపు తిరిగేటప్పుడు చూడండి. మోకు పట్టి లాగేవాళ్ళు వందలమంది ఉంటారు. కానీ తేరును తిప్పేది చక్రాల కింద కట్టెమొద్దులు పెట్టే కొద్దిమంది. వాళ్ళు చెయ్యెత్తితే వందలమంది ఆగుతారు, చెయ్యి ఊపితే లాగుతారు. అంత బరువు అంత ఇరుకులో తిరుగుతుంది. జనం అదే జనం. ఎవరి మాట వినాలో తెలిసినచోట వింటారు. కూడలిలో వినడానికి ఏ మాటా లేదు, హారన్ తప్ప.

రెండోవాళ్ళు "ఇదంతా బయటినుంచి వచ్చినవాళ్ళ వల్ల" అంటారు. తమిళం మాట్లాడేవాళ్ళు కర్ణాటక బండ్లను అంటారు, కన్నడం మాట్లాడేవాళ్ళు తమిళనాడు బండ్లను అంటారు, అందరూ కలిసి ఉత్తరాది లారీలను అంటారు. తెలుగువాళ్ళము మేమూ తక్కువ కాదు, మూడు భాషల్లో తిట్టగలము. కానీ ఆలోచించండి. కొత్తవాళ్ళు ఎక్కువగా వచ్చే ఊరికే కదా గుర్తులు ఎక్కువ కావాల? ఊరివాడికి మలుపు అలవాటు, ఎక్కడ సందు ఉందో తెలుసు. వెయ్యి కిలోమీటర్ల దూరం నుంచి లోడుతో వచ్చిన డ్రైవరుకు ఎట్లా తెలుస్తుంది? అతనికి చెప్పకుండా ఉండి, తెలియలేదని తిట్టడం న్యాయమా?

మూడోవాళ్ళు "గీతలు గీసినా ఎవరు చూస్తారు?" అంటారు. కొందరు చూడరు, నిజమే. కానీ గీత ఉంటే చూడనివాడు తప్పు చేసినవాడు అవుతాడు. అందరికీ తెలుస్తుంది. చుట్టూ చేరిన జనం "గీత దాటింది నువ్వు కదప్పా" అని అడగగలరు. పోలీసు జరిమానా రాయగలడు. గీతే లేనిచోట గీత దాటినాడని ఎవరిని అంటారు? గీత లేకపోతే తప్పు చేసినవాడూ, చేయనివాడూ ఒకే వరుసలో నిలబడతారు. అప్పుడు గెలిచేది గొంతు పెద్దగా ఉన్నవాడు.

నాలుగోవాళ్ళు "సిగ్నల్ పెట్టిస్తాము, డబ్బు రావాల, కాచుకోండి" అంటారు. ప్రతి కూడలికీ సిగ్నల్ అవసరం లేదు. కావాల్సింది రెండు మూడు డబ్బాల తెల్లరంగు, రెండు బోర్డులు, స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ విప్పడానికి ఒక మనిషి. సిగ్నల్ మాట చెప్పి రంగుపని వాయిదా వేయడం, పెద్ద ఆసుపత్రి కడతామని చెప్పి గాయానికి కట్టు కట్టకపోవడంలాంటిది.

ఇక ఓర్పు. ఓర్పు మంచిదే. కాని కూడలిలో ఆ ఓర్పు ఎవరిది? బస్సు ముందు కారు ఓర్చుకోవాల. కారు ముందు ఆటో, ఆటో ముందు స్కూటరు, స్కూటరు ముందు సైకిలు, సైకిలు ముందు నడిచేవాళ్ళు. ఎప్పుడు చూసినా ఓర్పు చిన్నవాడి వంతే. పెద్దబండివాడికి దాని అవసరమే రాదు. గీత లేని కూడలిలో ఓర్చుకోండి అని చెప్పడమంటే, బలం ఉన్నవాడు పోతాడు, మీరు పక్కకు నిలబడండి అని చెప్పడమే. మా తమిళనాడు ప్రభుత్వం పదకొండో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇస్తుంది. చాలా మంచి పని. ఆ సైకిళ్ళ మీద ఎందరో అక్కలు దూరపు పల్లెల నుంచి వచ్చి చదువుకుంటున్నారు. సైకిలు ఇచ్చిన చెయ్యే, ఆ సైకిలు దాటాల్సిన కూడలిలో ఒక గీత గీయకూడదా?

ఇది చిన్న సంగతి అనుకుంటే ఈ లెక్కలు చూడండి. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయినారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెప్తుంది. అంటే రోజుకు 460 మందికి పైగా. ప్రమాదాల సంఖ్యలో మొదటి స్థానం మా తమిళనాడుదే, 64,105. ఆ ప్రమాదాల్లో మా రాష్ట్రంలో 17,884 మంది చనిపోయినారు. అన్నీ కూడళ్ళలో జరిగినవి కావు, అన్నిటికీ గీతలు లేకపోవడమే కారణమూ కాదు. కానీ ఇంతమంది పోతుంటే, రెండు డబ్బాల రంగుతో తగ్గించగలిగింది కూడా తగ్గించకపోవడానికి ఏ సాకు చెప్తారు?

చట్టం ఎవరి మీద ఎంత బరువు పెట్టిందో కూడా చూడండి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినారు. దాని ప్రకారం నాలాంటి వయసువాళ్ళు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేండ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఒక ఏడాది రద్దు. ఇది మాకు ప్రతి సభలోనూ చెప్తారు. చెప్పాల్సిందే, నేను కాదనను. కానీ అదే సవరణలో 198ఏ అని ఇంకొక సెక్షను ఉంది. రోడ్డును ప్రమాణాల ప్రకారం వేయకుండా, చూసుకోకుండా ఉండి, దానివల్ల మనిషి చనిపోతేనో, అవయవం పోతేనో, బాధ్యత ఉన్న అధికారికీ, కాంట్రాక్టరుకూ, సలహాదారుకూ జరిమానా వేయొచ్చు. ఎంత? ఎక్కువలో ఎక్కువ లక్ష రూపాయలు. జైలు మాట లేదు. మా నాయనలాంటివాళ్ళకు మూడేండ్లు, వాళ్ళకు లక్ష. అది కూడా ప్రాణమో, కాలో, చెయ్యో పోయిన తర్వాత. ఈ సెక్షను గురించి ఏ సభలోనూ ఎవరూ మాకు చెప్పలేదు. మమ్మల్ని ప్రతిజ్ఞ చేయమన్నారు. వాళ్ళు ఏం ప్రతిజ్ఞ చేసినారు?

ఒక మైనారిటీ బడిలో చదివే పిల్లగా ఇంకొక మాట చెప్పాల. బోర్డు మీద ఏ భాష ఉండాల, ఏది పైన ఉండాల అని మా ప్రాంతంలో చాలా తగవులు జరిగినాయి. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పక్కింట్లో కన్నడం. భాష మీద ప్రేమ నాకూ ఉంది, లేకపోతే ఈ పత్రికలో రాయను. కానీ కూడలి గుర్తులకు ఆ తగవు కూడా అక్కరలేదు. ఎనిమిది మూలల ఎర్రబోర్డు అంటే పూర్తిగా ఆగు. తలకిందుల త్రికోణం అంటే దారి ఇవ్వు. ఈ రెండింటి ఆకారం వేరే ఏ గుర్తుకూ ఉండదు. దుమ్ము కొట్టినా, రాత్రి అయినా, వెనకనుంచి చూసినా ఆకారం చూసే గుర్తుపట్టొచ్చు. చదువు రానివాడికీ అర్థమవుతుంది, పంజాబు డ్రైవరుకూ అర్థమవుతుంది. అన్ని భాషలవాళ్ళకూ సమానంగా చెప్పే బోర్డు ఇంతకన్నా ఏముంటుంది? దాన్నే మనం పుట్టినరోజు ఫ్లెక్సీతో కప్పేసినాము.

కాబట్టి మేము అడిగేది ఇది. ఊర్లో ఉండే ప్రతి కూడలిలో ఏది పెద్దరోడ్డో నిర్ణయించి, దానిలో కలిసే దారులకు దారి ఇవ్వమనే బోర్డు, ఆగుగీత పెట్టాల. మలుపు కనిపించని చోట ఎనిమిది మూలల బోర్డు పెట్టాల. కొత్తగా తారు వేస్తే గీతలు గీసేదాకా ఆ పని పూర్తయినట్టు కాంట్రాక్టరుకు బిల్లు ఇవ్వకూడదు. గుర్తుల స్తంభాలకు ఏ ఫ్లెక్సీ కట్టినా, అది ఎంత పెద్దమనిషిదైనా, అదే రోజు తీసేయాల. బడుల దగ్గర నడిచేవాళ్ళ కోసం జీబ్రా గీతలు వేసి, అవి చెరిగిపోకముందే మళ్ళీ రంగు వేయాల. లైసెన్సు పరీక్షలో కుడివైపు నియమాన్ని అడగడమే కాదు, రోడ్డు మీద చేసి చూపించమనాల. సభలకు వచ్చే పెద్దలు వచ్చే జనవరిలో మా చేత ప్రతిజ్ఞ చేయించే ముందు, పోయిన జనవరి నుంచి ఎన్ని కూడళ్ళలో గీతలు గీసినారో చెప్పాల. చెప్పిన తర్వాత మేమూ చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేస్తాము.

అడగడం మొదలుపెట్టినాము కూడా. మా జిల్లా కలెక్టరాఫీసులో సోమవారాలు ప్రజల అర్జీలు తీసుకుంటారు. మా తరగతి ఒక అర్జీ రాసింది. ఆఫీసులో చదివేవాళ్ళకు సులభంగా ఉండాలని తమిళంలో రాసి, కింద సంతకాలు తెలుగులో పెట్టినాము. కూడలి పటం గీసి, గీత ఎక్కడ ఉండాలో ఎర్రపెన్సిలుతో చూపించినాము. జవాబు వస్తే ఈ పత్రిక వచ్చే సంచికలో రాస్తాము. రాకపోతే అదీ రాస్తాము.

చదివే అన్నలారా, అక్కలారా, మీ ఊరు ఏదైనా సరే, ఈ పొద్దు ఇంటికి పోయేటప్పుడు మొదటి కూడలిలో నేల వైపు చూడండి. గీత ఉందా? బోర్డు ఉందా? ఉంటే కనిపిస్తుందా? లేకపోతే ఎదుటి బండివాడిని తిట్టే ముందు, ఆ తిట్టు ఎవరికి చేరాలో ఆలోచించండి. వాడూ మనలాగే ఏ గుర్తూ లేని దారిలో వచ్చినవాడే. మన కోపాన్ని ఒకరి మీద ఒకరం ఖర్చుపెట్టుకున్నంత కాలం, గీత గీయాల్సినవాళ్ళు హాయిగా ఉంటారు. ఆ కోపాన్ని ఒక తెల్లకాగితం మీద పెట్టి, తేదీ వేసి, సంతకం చేసి పంపండి.